రాయి గీసిన దారి: జూలూరుపాడు నుంచి రాక్షస గుళ్ళ దాకా

తల్లాడ నుంచి కొత్తగూడెం వెళ్ళే రోడ్డు మీద ఏన్కూరు దాటాక జూలూరుపాడు వస్తుంది. 2016 దాకా ఖమ్మం జిల్లా, ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. వెనక పత్తి చేలు, మిర్చి కల్లాలు. ముందు టేకు, మద్ది, ఇప్ప చెట్ల అడవి. మైదానానికీ అడవికీ మధ్య గుమ్మంలాంటి ఈ ఊరి మీదుగా భద్రాచలం యాత్రికులు ఏడాది పొడుగునా పోతూనే ఉంటారు. వాళ్ళకు గమ్యం తెలుసు, దారి తెలుసు. పాతరాతియుగం, ఇనుపయుగం, బౌద్ధకాలం ఆనవాళ్ళను వెతుక్కుంటూ ఇదే రోడ్డు ఎక్కేవాళ్ళకు మాత్రం చిక్కు వచ్చి పడుతుంది. ఈ చోట్లలో చాలావాటికి బోర్డు ఉండదు, టికెట్ ఉండదు. కొన్నింటికి సరైన బాట కూడా ఉండదు. ఫోన్‌లోని పటం రోడ్డును చూపిస్తుంది కానీ మూడువేల ఏళ్ళ కిందటి మనిషి ఆ గుట్టనే ఎందుకు ఎంచుకున్నాడో చెప్పదు.

ఈ యాత్రకు అసలు కావలసిన పటం రోడ్లది కాదు, రాళ్ళది. ఏ ఊరి కింద ఏ రాయి ఉందో రంగుల్లో చూపించే భూగర్భ పటాలను జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా తన ‘భూకోశ్’ పోర్టల్‌లో అందరికీ అందుబాటులో పెట్టింది. అందులో జూలూరుపాడు, కొత్తగూడెం, మణుగూరు, మంగపేటలను వరసగా చూసుకుంటూ పోతే ఒక సంగతి బయటపడుతుంది. రంగు మారిన ప్రతిచోటా మనిషి చేసిన పనీ మారింది. ఒక రాయి దొరికిన చోట నగల వ్యాపారం నడిచింది, ఇంకో రాయి దొరికిన చోట సమాధులు లేచాయి, రాయి సరిపడా లేనిచోట ఇటుకలు కాల్చారు. ఈ అధ్యాయంలో మన ప్రయాణం ఆ రంగుల వెంటే సాగుతుంది.

మొదటి మజిలీ: గరీబ్‌పేట గుట్ట

జూలూరుపాడు నుంచి కొత్తగూడెం వైపు బయలుదేరితే, ఊరు చేరకముందే సుజాతనగర్ ప్రాంతంలో గరీబ్‌పేట ఉంది. పేరులో గరీబు ఉన్నా దీని గుట్ట మాత్రం ప్రపంచపు రత్నాల చరిత్రలో చోటు సంపాదించుకుంది. ఇక్కడ దొరికేది గార్నెట్. ముదురు ఎరుపులో, కొంచెం ఊదా జీర కలిసి, దానిమ్మ గింజ రంగులో ఉంటుంది.

ఇది ఎలా పుట్టిందో తెలిస్తే ఎక్కడ వెతకాలో కూడా తెలుస్తుంది. వంద కోట్ల ఏళ్ళకు పైబడిన కాలంలో, బంకమట్టి పేరుకుని గట్టిపడిన పొరలు భూమి లోతుల్లోకి కూరుకుపోయాయి. అక్కడి వేడికీ ఒత్తిడికీ ఆ పొరల్లోని ఇనుము, అల్యూమినియం, సిలికా కొత్తగా కూడి స్ఫటికాలయ్యాయి. ఇనుము ఎక్కువగా ఉండే ఈ రకాన్ని ఆల్మండైన్ అంటారు. తర్వాత పైనున్న రాయి కోట్ల ఏళ్ళపాటు ఎండకూ వానకూ కరిగి, పొడై కొట్టుకుపోయింది. చుట్టూ ఉన్న అభ్రకం మెత్తనిది, గార్నెట్ గట్టిది. మెత్తనిది పోయాక గట్టిది మిగిలి, వాననీటితో గుట్ట అడుక్కి చేరింది. అందుకే పాతకాలం వాళ్ళకు సొరంగాలు తవ్వే పని లేకుండా పోయింది. గుట్ట పాదాల దగ్గర మట్టిని జల్లిస్తే చాలు.

అలా ఏరిన గింజలు ఎంత దూరం పోయాయన్నది ఇక్కడి అసలు కథ. పుదుచ్చేరి పక్కనున్న అరికమేడు, రోమన్ల కాలంలో పెద్ద ఓడరేవు. 1945లో మార్టిమర్ వీలర్ తవ్వకాలతో దాని పేరు లోకానికి తెలిసింది. అక్కడ పూసలు తయారుచేసే పనివాళ్ళు ఉండేవాళ్ళు. సగం చెక్కిన గార్నెట్లు, విరిగిన ముక్కలు ఆ నేలలో దొరికాయి. ఆ గార్నెట్లు ఎక్కడివి? జర్మనీ, ఫ్రాన్స్, భారతదేశాల పరిశోధకులు కలిసి చేసిన ఒక అధ్యయనం 2017లో దీనికి జవాబు చెప్పింది. అరికమేడు ముక్కలనూ గరీబ్‌పేట రాళ్ళనూ పక్కపక్కన పెట్టి, వాటిలో స్వల్పంగా కలిసిన మూలకాలను కొలిచారు, లోపల చిక్కుకుపోయిన సన్నటి ఖనిజపు పోగులను సూక్ష్మదర్శినిలో పోల్చారు. రెండూ కలిశాయి. అంటే కొత్తగూడెం పక్కనున్న గుట్ట రాయి, ఆరువందల కిలోమీటర్లకు పైగా దక్షిణాన ఉన్న సముద్రతీరం చేరి పూసైంది. భారతదేశం, శ్రీలంకల గార్నెట్లు రోమన్ ప్రపంచానికీ, ఆ తర్వాత 5-7 శతాబ్దాల ఐరోపా నగల్లోకీ ఓడలెక్కి వెళ్ళాయి. ఆ వ్యాపారపు దారికి ఒక కొస మన తల్లాడ రోడ్డు పక్కనే ఉంది.

ఇక్కడ చూడాల్సింది గుడో కోటో కాదు, నేల. వాన కురిసి వెలిసిన తర్వాత ఎండ పడే వేళకు వెళ్తే ఎర్రటి నలుసులు మట్టిలో మెరుస్తాయి. చూడండి, ఫోటో తీసుకోండి, జేబులో వేసుకోకండి. ఖనిజాలు తవ్వి తీయడానికి ప్రభుత్వ అనుమతి కావాలి, పొలాలు రైతులవి. పొలంలో అడుగుపెట్టే ముందు “అన్నా, గట్టు మీద నడవచ్చా?” అని ఒక్క మాట అడిగితే సరిపోతుంది.

కొత్తగూడెం చేరాక, సమయముంటే పట్టణం పక్కనే రామవరం దగ్గరి కారుకొండకు వెళ్ళవచ్చు. గుట్ట మీది రాళ్ళ మీద బుద్ధుడి రూపాలు చెక్కి ఉన్నాయి. వ్యాపారం నడిచిన దారుల వెంటే బౌద్ధం నడిచిందని చరిత్రకారులు చెప్పే మాటను గుర్తుపెట్టుకుని ఆ గుట్ట ఎక్కితే, పొద్దున చూసిన గార్నెట్ నేలకూ దీనికీ ఉన్న దూరం చాలా తక్కువనిపిస్తుంది.

బొగ్గు వెతుక్కుంటూ వచ్చినవాడు

కొత్తగూడెం అంటే సింగరేణి. ఇక్కడ పటం మీద రంగు ఒక్కసారిగా మారుతుంది. గార్నెట్ పుట్టిన పాత రాళ్ళు వెనక్కి పోయి, ఇసుకరాయి మొదలవుతుంది. ఆ ఇసుకరాయి పొరల మధ్య బొగ్గు ఉంటుంది.

దాదాపు 27, 28 కోట్ల ఏళ్ళ కిందట ఇండియా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా, దక్షిణ అమెరికా కలిసి ఒకే ఖండంగా ఉండేవి. దాన్ని గోండ్వానా అంటారు. ఆ కాలంలో ఇప్పటి ప్రాణహిత, గోదావరి నదుల వెంట భూమి బీటలు వారి, పొడుగాటి పల్లంగా కుంగింది. అందులోకి నదులు ఇసుకను తెచ్చి పోశాయి. చిత్తడి నేలల్లో పెరిగిన గ్లోసాప్టెరిస్ జాతి చెట్లు ఆ ఇసుక కింద పడి బొగ్గుగా మారాయి. పల్లం కుంగుతూనే ఉంది, ఇసుక పడుతూనే ఉంది. అందుకే సింగరేణి బొగ్గు ఉన్న నేల వాయవ్యం నుంచి ఆగ్నేయానికి దాదాపు 350 కిలోమీటర్ల పట్టీగా సాగుతుంది. కొత్తగూడెం, ఇల్లందు, మణుగూరు, భూపాలపల్లి, రామగుండం, బెల్లంపల్లి అన్నీ ఆ పట్టీ మీదివే.

ఈ బొగ్గును 1871లో ఇల్లందు దగ్గర గుర్తించినవాడు జియలాజికల్ సర్వేలో పనిచేసే విలియం కింగ్. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకపు హక్కులు తీసుకుంది, 1889లో తవ్వకం మొదలైంది. ఇప్పటికీ ఇక్కడి ఒక బొగ్గు పొరను ‘కింగ్ సీమ్’ అనే పిలుస్తారు. బొగ్గు బాయిలో పనిచేసిన వాళ్ళ ఇళ్ళల్లో ఈ పేరు తెలియనివాళ్ళు తక్కువ. ఆ పేరు వెనకున్న మనిషి మాత్రం మన యాత్రకు ఇంకో రెండు విధాల అవసరం.

కింగ్ తండ్రి పేరు కూడా విలియం కింగే. ఆయన ఐర్లండ్‌లోని గాల్వేలో భూగర్భశాస్త్ర ఆచార్యుడు. జర్మనీలోని నియాండర్ లోయలో దొరికిన ఎముకలు మనలాంటి మనిషివి కావు, వేరే మానవజాతివని చెప్పి, 1864లో ‘హోమో నియాండర్తలెన్సిస్’ అనే పేరును శాస్త్రంలోకి తెచ్చింది ఆయనే. కొడుకు ఇండియాకు వచ్చాడు. 1863 మేలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ మద్రాసు దగ్గర పల్లావరంలో పాతరాతియుగపు రాతి పనిముట్టును గుర్తించాడు. భారత పాతరాతియుగ పరిశోధన మొదలైంది ఆ రాయితోనే. అదే ఏడాది సెప్టెంబరు 28న ఫుట్‌తో కలిసి అదే మద్రాసు ప్రాంతంలోని అత్తిరంపాక్కంలో చేతిగొడ్డళ్ళు కనుగొన్నది ఈ కొడుకు కింగే. ఆ చోటు 15 లక్షల ఏళ్ళ నాటిదని 2011లో శాంతి పప్పు బృందం తేల్చింది.

ఇక రెండో సంగతి. గోదావరి పట్టీలో బొగ్గు కోసం నడిచిన కింగ్‌కు అడవిలో సమాధులు కనిపించాయి. మంగపేట దగ్గర శిలువ ఆకారంలో నిలబెట్టిన రాళ్ళున్న పూర్వచారిత్రక శ్మశానం గురించి 1877లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో రాశాడు. ఇది యాదృచ్ఛికం కాదు. బొగ్గు కోసం వెతికేవాడు ఇసుకరాయి వెంట నడవాలి. మూడువేల ఏళ్ళ కిందట పలకలు కావలసినవాళ్ళు కూడా ఆ ఇసుకరాయి దగ్గరికే వచ్చారు. ఇద్దరి దారీ ఒకటే కావడం వల్లే కింగ్ చూపు ఆ సమాధుల మీద పడింది.

జానంపేట: ఏడు టన్నుల లెక్క

కొత్తగూడెం నుంచి పాల్వంచ మీదుగా 30వ నంబరు జాతీయ రహదారిలో గోదావరి వైపు వెళ్ళి, సారపాక పక్కనుంచి అశ్వాపురం, మణుగూరు దారి పట్టాలి. దారిలో భారజల కర్మాగారం, ఓపెన్‌కాస్ట్ గనులు, థర్మల్ కేంద్రం పొగగొట్టాలు వస్తాయి. వాటిని దాటి పినపాక మండలంలోకి పోతే జానంపేట.

ఇక్కడి అడవిలో ఉన్నవాటిని చుట్టుపక్కల వాళ్ళు రాక్షస గుళ్ళు, రాకాసి గుళ్ళు అంటారు. అవి గుళ్ళు కావు, సమాధులు. నాలుగు పక్కలా నిలువు పలకలు, పైన ఒకే పెద్ద పలక కప్పు, చుట్టూ వలయంగా రాళ్ళు. శాస్త్రంలో వీటిని డాల్మెన్లు అంటారు. దక్షిణ భారతమంతా ఇలాంటి బృహత్‌శిలా సమాధులు ఉన్నా గోదావరి ఒడ్డువాటికి ఒక ప్రత్యేకత ఉంది. కొన్నింటిలో లోపల ఒకే రాయిని తొలిచి చేసిన తొట్టి ఉంటుంది. చనిపోయినవాళ్ళను ముందు వేరేచోట ఉంచి, తర్వాత ఎముకలను ఏరి తెచ్చి ఇలాంటి వాటిలో పెట్టే ఆచారం బృహత్‌శిలా కాలంలో చాలాచోట్ల ఉంది.

ఇంత పెద్ద పలకలు ఎలా తెచ్చారన్నది చూసిన ప్రతివాళ్ళూ అడిగే ప్రశ్న. రాక్షసులు అన్న జవాబు పుట్టింది కూడా ఆ ప్రశ్నలోంచే. జవాబులో సగం రాయిలోనే ఉంది. నది ఏటేటా తెచ్చిపోసిన ఇసుక పొరలు పొరలుగా గట్టిపడి ఈ రాయైంది. పొరకూ పొరకూ మధ్య బలహీనమైన గీత ఉంటుంది. అక్కడ చీలలు కొట్టి, మీటితే తాళపత్రాల కట్ట విడినట్టు చదునైన పలక ఊడివస్తుంది. జూలూరుపాడు వెనకున్న గట్టి స్ఫటిక శిలల్లో ఈ పని ఇంత సులువు కాదు. ఇలాంటి పలకల సమాధులు ఇక్కడ ఇంత దట్టంగా ఉండటానికి మొదటి కారణం ఇదే.

మిగతా సగం లెక్క. 3 మీటర్ల పొడవు, 2.5 మీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల మందం ఉన్న కప్పురాయిని ఊహించుకుందాం. ఘనపరిమాణం 3 ఘనపు మీటర్లు. ఇసుకరాయి ఘనపు మీటరుకు సుమారు 2.3 టన్నులు తూగుతుంది కాబట్టి మొత్తం 7 టన్నుల దగ్గర. దాన్ని దుంగల మీద లాగితే రాపిడి బరువులో మూడోవంతుకు కాస్త తక్కువ అనుకుందాం. లాగడానికి 2,100 కిలోల బలం కావాలి. ఒక మనిషి కాసేపు నిలకడగా 35 కిలోల బలంతో లాగగలడు. అంటే 60 మంది. ఎత్తడానికి మట్టితో వాలు కట్టి, మీటుకర్రల సాయంతో జరుపుకుంటూ పోవచ్చు. రాక్షసులు అక్కర్లేదు. కానీ 60 మంది లాగేవాళ్ళకు పక్కన దుంగలు జరిపేవాళ్ళు, వండేవాళ్ళు, పిల్లల్ని చూసేవాళ్ళు ఉండాలి. అంటే ఒక్క సమాధి వెనక కనీసం రెండు మూడు గూడేలు కలిసి పనిచేసి ఉండాలి. అలాంటివి వందల సంఖ్యలో ఉన్నాయంటే, పంట మిగులూ, పెద్దల మాట వినే కట్టుబాటూ ఉన్న సమాజం తరతరాలుగా ఇక్కడ బతికిందని అర్థం. ఈ లెక్కను మీరూ చేయవచ్చు. టేపు ఒకటి వెంట తీసుకెళ్ళి, తాకకుండా కొలవగలిగినంత కొలిచి, రాసుకోండి.

శిలువలు కావు, మనుషులు

ఈ పట్టీలో రాతి శిలువల సంగతి 19వ శతాబ్దపు తెల్లదొరలను బాగా తికమకపెట్టింది. కింగ్ కన్నా ముందే, 1868లో ముల్‌హెరన్ అనే సర్వే ఉద్యోగి వీటిని ఏషియాటిక్ సొసైటీ దృష్టికి తెచ్చాడు. 1872లో జేమ్స్ ఫెర్గూసన్ ప్రపంచపు బృహత్‌శిలల మీద రాసిన పెద్ద పుస్తకంలో ఈ పట్టీలోని కాటాపూర్ సమాధులనూ, రాతి శిలువనూ బొమ్మ వేసి చూపించాడు. యూరప్ నుంచి వచ్చినవాళ్ళకు ఆ ఆకారం చూడగానే తమ మతచిహ్నం గుర్తుకు రావడం సహజమే. ఆ చిహ్నాన్నే ఆధారం చేసుకుంటే సమాధుల వయసు కూడా తారుమారైపోతుంది.

రాళ్ళను ఒక్కొక్కటిగా కాక వరసలో పెట్టి చూస్తే ఆ తికమక తీరుతుంది. పైన చిన్న ముక్క తల, అటూ ఇటూ పొడుచుకొచ్చినవి భుజాలు, కింద పొడవాటిది ఒళ్ళు. గోదావరి తీరపు బృహత్‌శిలలను ఏళ్ళ తరబడి పరిశీలించిన హైదరాబాద్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు కె.పి. రావు, అడవిలో దొంగతోగు లాంటి చోట్ల స్త్రీ రూపం స్పష్టంగా తెలిసే రాళ్ళను కూడా వెలుగులోకి తెచ్చారు. వక్షోజాలు చెక్కిన రాయిని శిలువ అనలేం. అవి చనిపోయినవాళ్ళకో, పూర్వీకులకో నిలిపిన మనిషి ఆకారాలు.

ఈ ఊహకు ఇంకో బలం నది అవతల ఉంది. బస్తర్ వైపు గోండు, మారియా, కోయ సమాజాల్లో పోయిన పెద్దల పేరున రాయి నిలిపే ఆచారం మనకాలం దాకా వచ్చింది. అంతమాత్రాన జానంపేట సమాధులు కట్టింది నేటి కోయల ముత్తాతలేనని తీర్పు చెప్పడానికి లేదు. మధ్యలో రెండువేల ఏళ్ళున్నాయి. పెద్దల పేర రాయి నిలపడం ఈ నేలకు పరాయి పని కాదని మాత్రం చెప్పవచ్చు.

ఎంత పాతవి?

యాత్రలో తోటివాళ్ళు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. ఎముకల వయసు చెప్పే పద్ధతి రేడియోకార్బన్. ఏ ప్రాణి చచ్చినా దానిలోని కార్బన్-14 ప్రతి 5,730 ఏళ్ళకూ సగమవుతుంది. మిగిలింది కొలిస్తే వయసు తెలుస్తుంది. ఇక్కడి ఇబ్బంది ఏమిటంటే, ఇసుకనేలలోంచి ఇంకే వాననీటి ఆమ్లత్వం ఎముకలను కరిగించేస్తుంది. పైగా ఎక్కువ సమాధుల్ని ఎవరెవరో ఎప్పుడో తెరిచేశారు.

అలాంటప్పుడు ఇసుకరేణువే గడియారమవుతుంది. ఎండ తగిలినప్పుడు క్వార్ట్జ్ రేణువులో దాగిన శక్తి సున్నా అవుతుంది. చీకట్లో కప్పబడ్డ నాటి నుంచి చుట్టుపక్కల మట్టిలోని స్వల్ప రేడియోధార్మికత వల్ల మళ్ళీ పోగవుతుంది. ప్రయోగశాలలో కాంతి తగిలించి ఆ శక్తిని కొలిస్తే, ఆ రేణువు చివరిసారి ఎండ చూసింది ఎప్పుడో తెలుస్తుంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనే తవ్వకాల్లో ఇనుప వస్తువులు దొరికిన చోటికి ఈ పద్ధతిలో క్రీ.పూ. 2400-1800 మధ్య కాలం వచ్చింది. తమిళనాడులోని శివగలై ఇనుముకు క్రీ.పూ. 4వ సహస్రాబ్ది నాటి తేదీలు వచ్చాయని 2025లో ఆ రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. చాలాకాలం పాఠ్యపుస్తకాలు దక్షిణాదిలో ఇనుము క్రీ.పూ. 1000 ప్రాంతంలో మొదలైందని చెప్పాయి. ఆ గీత ఇప్పుడు వెనక్కి జరుగుతోంది. బృహత్‌శిలా సమాధుల్లో అత్యధికం క్రీ.పూ. 1వ సహస్రాబ్దివన్నది మాత్రం ఇంకా నిలబడి ఉన్న మాట.

తేదీ తెలియకపోయినా కాలాన్ని పసిగట్టే ఆనవాలు మరొకటి ఉంది: కుండపెంకులు. లోపలా, అంచూ నల్లగా, బయట ఎర్రగా ఉండే పెంకు కనిపిస్తే అది బృహత్‌శిలా కాలపు కుండ కావచ్చు. ఆవంలో కుండను బోర్లించి కాలిస్తే లోపలికి గాలి ఆడదు, అందుకని నలుపు. బయట గాలి తగులుతుంది కాబట్టి మట్టిలోని ఇనుము ఎర్రబడుతుంది. పెంకు కనిపిస్తే దాన్ని అక్కడే వదిలేయాలి. తీసి ఇంటికి తెస్తే అది వట్టి పెంకు. ఉన్నచోటే ఉంటే సాక్ష్యం.

మంగపేట, తాడ్వాయి, పాలంపేట

జానంపేట నుంచి రోడ్డు గోదావరికి సమాంతరంగా మంగపేట మీదుగా ఏటూరునాగారం పోతుంది. కింగ్ రాసిన మంగపేట ఇదే. ఇప్పుడు ములుగు జిల్లా. ఏటూరునాగారంలో 163వ నంబరు జాతీయ రహదారి ఎక్కి తాడ్వాయిలో దిగితే, ఆ మండలంలోనే దామెరవాయి ఉంది. ఇక్కడ కూడా గుట్ట మీద రాక్షస గుళ్ళు గుంపులుగా ఉన్నాయి. జానంపేటలో కొలిచిన కొలతలతో ఇక్కడివి పోల్చండి. పలకల మందం, ద్వారంలా తెరిచిన పక్క ఉంటే దాని దిక్కు, వలయంలో రాళ్ళ సంఖ్య రాసుకుంటే, ఒకే పద్ధతి నది వెంట ఎంత దూరం సాగిందో మీకే తెలుస్తుంది.

అక్కణ్ణుంచి ములుగు వైపు వస్తే పాలంపేట రామప్ప గుడి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఈ గుడి 2021లో ప్రపంచ వారసత్వ జాబితాకు ఎక్కింది. పూర్వచరిత్ర యాత్రలో కాకతీయుల గుడి ఎందుకంటే, దీని గోడలు కూడా ఇసుకరాయే. సమాధులు కట్టినవాళ్ళు పొరను చీల్చి పలకగా వాడుకున్నారు. కాకతీయ శిల్పులు సన్నని చెక్కడం కావలసిన స్తంభాలకూ దూలాలకూ నల్లటి డోలరైట్‌నూ గ్రానైట్‌నూ ఎంచుకుని, గోడలకు ఇసుకరాయి వాడారు. రాయి గుణం తెలుసుకుని పని అప్పగించడం రెండుచోట్లా ఒకటే. ఇంకో పూట మిగిలితే రేగొండ దగ్గరి పాండవుల గుట్టకు పోవచ్చు. అక్కడి రాతి గోడల మీద ఆదిమానవుల కాలం నుంచి మధ్యయుగం దాకా వేసిన బొమ్మలున్నాయి. అదీ ఇసుకరాయి గుట్టే. వాన లోపలికి రాని చూరులు ఈ రాయిలో సహజంగా ఏర్పడతాయి కాబట్టే ఆ రంగులు నిలిచాయి.

మరో దిక్కు: నీలాద్రి, నేలకొండపల్లి

అడవి వైపు పోలేనివాళ్ళకు జూలూరుపాడు నుంచి వెనక్కి తిరిగే చిన్న యాత్ర ఒకటుంది. తల్లాడ మీదుగా పెనుబల్లి మండలం లంకపల్లి దగ్గరి నీలాద్రి కొండ. అక్కడ ఆదిమ చిత్రాలున్నాయి. తర్వాత ఖమ్మం దాటి నేలకొండపల్లి. భక్త రామదాసు పుట్టిన ఊరుగా అందరికీ తెలిసిన ఈ ఊళ్ళో విరాటరాజు దిబ్బ, ఇటుకల మహాస్తూపం ఉన్నాయి. జానంపేట పలకల కథ విన్నవాళ్ళకు ఇక్కడి ఇటుకలు వేరే పాఠం చెబుతాయి. పాలేరు పరీవాహకపు ఈ మెత్తని నేలలో కట్టడానికి మట్టే సరుకు, కట్టెలు పుష్కలం. స్తూపం ఇటుకది కావడానికి కాళ్ళ కింది నేల కూడా ఒక కారణం కావచ్చు.

ఎప్పుడు, ఎలా

ఈ యాత్రకు నవంబరు నుంచి మార్చి మొదటి వారాల దాకా మంచి కాలం. అందులోనూ ఆకు రాలాక, ఫిబ్రవరిలో, పొదల చాటునున్న సమాధులు బాగా కనిపిస్తాయి. రెండేళ్ళకోసారి మాఘంలో మేడారం జాతర వస్తుంది. ఆ వారం తాడ్వాయి రోడ్డు మీద బండి కదలదు, కాబట్టి జాతర తేదీలు ముందే చూసుకోవాలి. ఏప్రిల్, మేలలో కొత్తగూడెం ఎండ రాష్ట్రంలోని గట్టి ఎండల్లో ఒకటి. జూలై నుంచి సెప్టెంబరు దాకా గోదావరి మీద నమ్మకం పెట్టుకోకూడదు. భద్రాచలం దగ్గర 53 అడుగులకు మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 2022 జూలైలో నీళ్ళు 71 అడుగులు దాటాయి. అప్పుడు మన దారిలోని బూర్గంపాడు, సారపాక వైపు రోడ్లు నీటిలో మునిగాయి.

గరీబ్‌పేట, కారుకొండలకు ఒక రోజు, జానంపేటకు నిండుగా ఒక రోజు, దామెరవాయికీ రామప్పకూ మరో రోజు కేటాయిస్తే హడావుడి ఉండదు. మణుగూరు, ఏటూరునాగారంలలో పెట్రోలు నింపుకోవాలి. అడవి లోపల ఫోన్ సిగ్నల్ మీద ఆశ వద్దు, పటాలు ముందే దించుకోవాలి. అభయారణ్యం పరిధిలోకి వచ్చే చోట్లకు రేంజ్ ఆఫీసులో చెప్పి వెళ్ళాలి. గూడెం దాకా వెళ్ళాక ముందు పెద్దమనిషిని కలవాలి. “పెద్దాయనా, రాక్షస గుళ్ళు చూద్దామని వచ్చాం, ఎవరన్నా తోడొస్తారా?” అంటే సాధారణంగా ఎవరో ఒకరు లేస్తారు. ఆ పూట వాళ్ళ కూలి పోతుంది కాబట్టి ఆ డబ్బు వాళ్ళకివ్వడం మర్యాద. గుంపుగా వచ్చి గునపంతో దిగేవాళ్ళను చూసి చూసి ఆ ఊళ్ళకు అనుమానం పట్టుకుంది. కెమెరా, టేపు, నోటుపుస్తకం తప్ప మీ సంచిలో ఇంకేమీ లేవని మొదట్లోనే తెలియనివ్వాలి.

గునపం సంగతి ఎందుకంటే, ఈ సమాధులకు పెద్ద శత్రువు గుప్తనిధుల ఆశ. బృహత్‌శిలా సమాధిలో ఉండేవి కుండలు, ఇనుప కత్తులు, పూసలు, ఎముకలు. దొంగ పలకను పడగొట్టి, కుండను పగలగొట్టి, ఏమీ దొరక్క పోతాడు. మూడువేల ఏళ్ళు నిలిచినది ఒక్క రాత్రిలో పాడవుతుంది. భూమిలో దొరికిన పది రూపాయలకు మించిన విలువైన పాత వస్తువును జిల్లా అధికారికి తెలపాలన్న నిధుల చట్టం 1878 నాటిది. కింగ్ మంగపేట శిలువల గురించి రాసిన మరుసటి ఏడాదే వచ్చిన చట్టమది.

ముందు ఏది చూడాలి

దారులూ రోజులూ కుదిరాక ఒక ప్రశ్న మిగులుతుంది: దేనితో మొదలుపెట్టాలి? దగ్గరగా ఉన్నదానితో అనుకుంటాం. దానికన్నా మెరుగైన కొలత ఉంది. ఏది ముందు పోయేలా ఉందో దానితో మొదలుపెట్టాలి.

ఇసుకరాయి కింద బొగ్గు ఉంది. ఓపెన్‌కాస్ట్‌లో బొగ్గు తీయాలంటే పైనున్న ఇసుకరాయిని మొత్తం పేల్చి, గనివాళ్ళు ‘ఓబీ’ అనే ఆ పైపొర మట్టిని గుట్టలుగా పోయాలి. సమాధులకు పలకలిచ్చిన పొరే గనివాళ్ళ లెక్కలో అడ్డు. నది వెంట కిందికి పోతే పోలవరం ముంపు ప్రాంతం. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన వేలేరుపాడు మండలంలోని రుద్రంకోటలో ముంపుకు ముందు జరిపిన తవ్వకాల్లో బృహత్‌శిలా సమాధులు బయటపడ్డాయి. ఆ నేలను రేపు వెళ్ళి చూడటం కుదరకపోవచ్చు. రామప్ప ఎక్కడికీ పోదు, దానికి కాపలా ఉంది. అడవిలో బోర్డు లేని గుట్టకు కాపలా లేదు.

కాబట్టి యాత్ర ముగించుకుని వచ్చాక చేయాల్సిన పని ఒకటుంది. చూసిన ప్రతి సమాధికీ ఒక పేజీ కేటాయించి గూడెం పేరు, జీపీఎస్ అంకెలు, పలకల కొలతలు, ఏ రాయి, కప్పు ఉందా పడిపోయిందా, కొత్తగా తవ్విన గుంత ఏమైనా ఉందా అన్నవి రాసి, ఫోటోలతో కలిపి రాష్ట్ర వారసత్వ శాఖకు పంపాలి. అచ్చమైన పరిశోధకుడు కూడా మొదట చేసేది ఇదే. కింగ్ మంగపేటలో చేసింది ఇంతకన్నా ఎక్కువేమీ కాదు: బొగ్గు వెతుకుతున్నా, దారిలో కనిపించిన రాళ్ళను వదిలేయకుండా రాసి పెట్టాడు. ఆ కొద్ది పేజీలు ఉన్నందుకే నూటయాభై ఏళ్ళ తర్వాత, ఏం మిగిలిందో ఏం పోయిందో లెక్క చూసుకోగలుగుతున్నాం.